జప్తు గదిలో గోగు చెట్లు

ఆ గురువారం పొద్దున జయరాముడు వేసుకున్న పథకంలో చెట్ల ఊసే లేదు. స్టేషనుకు పోయి హాజరు పట్టీలో సంతకం పెట్టాలి, ఇన్స్‌పెక్టరు దగ్గర అరపూట సెలవు అడగాలి, పదింబావు బస్సుకు భార్య మల్లీశ్వరిని ఎక్కించుకుని పెనుకొండ పోవాలి. అక్కడ కంటి డాక్టరు దగ్గర ఆమె అద్దాలు తయారై మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో ఆమె రెండుసార్లు కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసింది. ఒకసారి వీధిలో ఎదురైన ఎదురింటి సుంకమ్మను ఎవరో పెద్దాయన అనుకుని కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది. సుంకమ్మ ఆ తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు.

జయరాముడు బండమీదపల్లె ఎక్సైజు స్టేషనులో హెడ్ కానిస్టేబులు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆయన రాసిన పంచనామాలో అంకె తప్పుందని గానీ, అబద్ధముందని గానీ ఇంతవరకూ ఏ ప్లీడరూ అనలేకపోయాడు. ఎస్సైగా ప్రమోషను జాబితాలో ఆయన పేరు రెండు నెలల్లో వస్తుందని అందరూ అనుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మీసం ఒకసారి తడుముకుంటాడు.

సంతకం పెట్టి తల ఎత్తేసరికి ఇన్స్‌పెక్టరు మల్లికార్జున ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా జయరాముడూ, సెలవు కావాలంటివంట, ఆ సంగతి తర్వాత. ముందు జప్తు గదిలోకి రా, చెట్లు చూద్దువు."

జప్తు గదిలో కిటికీ కింద ఆరు ప్లాస్టిక్ బకెట్లు వరుసగా ఉన్నాయి. వాటిలో ఉన్నవి గంజాయి చెట్లు. మూడు వారాల కిందట ఓబన్న అనే రైతు ఇంట్లో దొరికినవి. ఓబన్నకు మల్బరీ తోట ఉండేది. నాలుగేళ్ళ కరువులో మూడు బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. అప్పుడాయన బయట పంట పెట్టడం మానేసి, ఇంటి లోపలి గదిలో బకెట్లు పెట్టి, దీపం వేలాడదీసి ఈ చెట్లు పెంచాడు. కిటికీ లేని గదిలో పగలంతా దీపం ఎందుకు వెలుగుతోందని పక్కింటివాళ్ళకు అనుమానం రావడంతో సంగతి బయటపడింది. ఓబన్నను పట్టుకున్నారు, బెయిలు మీద వదిలారు.

చిక్కు అక్కడ రాలేదు, కోర్టులో వచ్చింది. ఓబన్న తరఫు ప్లీడరు వెంకటేశులు ఇవి గంజాయి చెట్లు కావని, గోగు చెట్లని, అంటే గోంగూరని వాదించాడు. రెండు ఆకులూ అరచెయ్యి చాపినట్టు వేళ్ళు వేళ్ళుగా ఉంటాయి, తెలియనివాళ్ళకు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. హైదరాబాదుకు పరీక్షకు పంపిన ఆకుల సంగతి ఇంకా తేలలేదు. జడ్జి గారు ఇద్దరి వాదనా విని, వచ్చే బుధవారం ఆ చెట్లనే ఆకులతో సహా ప్రాణంతో తెచ్చి చూపించమన్నారు. ఎండు పుల్లలు తెస్తే తాను ఏమీ చెప్పలేనని కూడా అన్నారు.

ఇప్పుడు ఆ చెట్లు ఎండు పుల్లల దారి పట్టాయి. కింది ఆకులు పసుపుబారాయి. పై ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి ముడుచుకున్నాయి. జయరాముడు ఒక ఆకు పట్టుకుంటే అది కాల్చిన అప్పడంలా వేళ్ళ మధ్య పొడైపోయింది.

"నువ్వు రైతుబిడ్డవి," అన్నాడు ఇన్స్‌పెక్టరు. "మాది టౌను, నాకేం తెల్సు. బుధవారానికి ఇవి పచ్చగుండాల. ఇట్ల అయినాయని మాత్రం బయట తెలీకూడదు. ఆ ప్లీడరు చెవిన పడితే రేపే వచ్చి కూర్చుంటాడు."

జయరాముడు రైతుబిడ్డ అన్నది నిజమే. వాళ్ళ నాయన కంబదూరు దగ్గర వేరుశనగ వేసేవాడు. పదేళ్ళలో ఎనిమిదేళ్ళు అది పూతకు రాకముందే ఎండిపోయేది. కాబట్టి చెట్టు ఎలా చస్తుందో జయరాముడికి బాగా తెలుసు. ఎలా బతుకుతుందో చూసే అవకాశం పెద్దగా రాలేదు. అయినా పై అధికారి మాట కాదనలేక, ముందుగా ప్రతి బకెట్లో ఒక చెంబు నీళ్ళు పోశాడు. తర్వాత రెండు ఆకులు తుంచి, కాగితంలో మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, సెలవు తీసుకుని, ఇంటి దగ్గర మల్లీశ్వరిని వెంటబెట్టుకుని బస్టాండుకు బయలుదేరాడు.

దారిలో వ్యవసాయ శాఖ ఆఫీసు ఉంది. ఐదు నిమిషాల పని అని చెప్పి మల్లీశ్వరిని బయట అరుగు మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాడు. అక్కడి వ్యవసాయాధికారి రామాంజులు ఆ ఊరికి వచ్చి ఏడాదైంది. చదువుకున్నది మొక్కల తెగుళ్ళ గురించి. వచ్చినప్పటి నుంచి ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళందరూ పంట ఎండిపోయిందని చెప్పడానికి వచ్చినవాళ్ళే. బతికున్న మొక్క ఆకు పట్టుకుని, దీనికి ఏం జబ్బని అడిగిన మనిషి ఒక్కడు కూడా లేడు. జయరాముడు కాగితం విప్పగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఏం పంట అని అడిగాడు.  కోర్టులో వాదన జరిగినప్పటి నుంచి స్టేషనులో అందరి నోటా వినపడుతున్న మాటే జయరాముడి నోటికి వచ్చింది.

"గోగు సార్."

"యాడేసినారు?"

"ఇంట్లో."

"పెరట్లోనా?"

"లోపల. గదిలో."

రామాంజులు కలం ఆగింది. గోగును గదిలో పెంచే మనిషిని ఆయన పుస్తకాల్లో కూడా చూడలేదు. జయరాముడు ఆ చూపు గమనించి, చెప్పిన అబద్ధానికి ఆసరాగా ఇంకొకటి నిలబెట్టాడు. "మా ఇంటామెకు గోగంటే శానా ఇష్టం సార్" అన్నాడు.

రామాంజులు ఆకును భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. పసుపుబారడం, అంచులు కాలినట్టు ముడుచుకోవడం చూసి ఇది ఆకు రసం పీల్చే పచ్చదోమ పనే అని తేల్చాడు. దోమ ఒక్కటి కూడా కనపడలేదు గానీ, అది ఎగిరిపోయే జీవి కాబట్టి ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆఫీసు కాగితం మీద రైతు పేరు జయరాముడు, పంట గోగు, తెగులు పచ్చదోమ అని రాసి, ముద్ర వేసి, జయరాముడి చేత సంతకం పెట్టించుకున్నాడు. ఒక సీసా మందు ఇచ్చాడు. కొట్టిన తర్వాత పది రోజులు ఆ ఆకు వండుకోవద్దని రెండుసార్లు చెప్పాడు. ఇంకా చాలా విషయాలు చెప్పాడు. జయరాముడు బయటికి వచ్చేసరికి బస్సు పోయింది. మల్లీశ్వరి సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు.

శుక్రవారం జయరాముడు ముక్కుకు తువ్వాలు కట్టుకుని మందు కొట్టి, లైసెన్సు షాపుల తనిఖీకి పోయాడు. అదే సమయానికి రామాంజులు మెడలో కెమెరా వేసుకుని ఆయన ఇంటికి వచ్చాడు. గదిలో పెరిగిన గోగును కళ్ళారా చూడకపోతే ఆయనకు రాత్రి నిద్ర పట్టలేదు. తలుపు తీసిన మల్లీశ్వరి కళ్ళు చిట్లించి చూసి, కరెంటు మీటరు చూసేవాళ్ళేమో అనుకుని లోపలికి రమ్మంది. గోగు ఎక్కడుందని అడిగితే ఆమెకు అర్థం కాలేదు. మా ఇంట్లో తాగేదానికే నీళ్ళు బిందె లెక్కన వస్తాయి, చెట్లు యాడివి అంది.

రామాంజులు నిజాయితీపరుడు కావడమే అక్కడ కొంప ముంచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. "ఇంటామెకు ఇష్టమని ఇంట్లోనే పెంచుతాండానన్నాడమ్మా."

మల్లీశ్వరి కళ్ళు ఇంకా చిట్లించి ఆయన్ని చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఏ ఇంటామెకు?" అని అడిగింది.

పెళ్ళి కాకపోయినా రామాంజులుకు ఆ ప్రశ్న బరువు తెలిసింది. తాను పొరపాటున వేరే ఇంటికి వచ్చానేమో అన్నాడు. ఆ మాటకు ఆమె అవును, వేరే ఇంటికే పోవాల్సింది అంది. ఆయన వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం మల్లీశ్వరి భర్తకు సంగటి ముద్ద వడ్డించి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వేసి, ఎదురుగా కూర్చుంది. ఆయన సగం తిన్న తర్వాత, "ఆయమ్మకు గోగంటే శానా ఇష్టమంట కదా" అంది. జయరాముడు చేతిలోని ముద్ద కంచంలో పెట్టాడు. ఏ ఆయమ్మ అని అడిగాడు. అది నువ్వే చెప్పాల అంది ఆమె. ఇన్స్‌పెక్టరు బయట చెప్పొద్దన్నాడు, చెప్పకపోతే ఇంట్లో బతుకు లేదు. జయరాముడు రెండింటి మధ్యా ఆలోచించి, అది ఆఫీసు పని అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన అంత తెలివితక్కువ మాట ఇంకొకటి అనలేదు. ఆమె లేచి, సుంకమ్మ ఇంటికి పోయి పడుకుంది. పాత కోపం మరిచి సుంకమ్మ ఆమెకు చాప పరిచింది.

ఇంతలో రామాంజులు ఊరుకోలేదు. ఇంట్లో లేకపోతే చెట్లు ఆఫీసులో ఉంటాయని ఆలోచించి, అదే రోజు స్టేషనుకు వెళ్ళాడు. కాపలాలో ఉన్న కానిస్టేబులు అక్బర్‌ను, జయరాముడు పెంచే చెట్లు ఇక్కడ ఉన్నాయా అని అడిగాడు. అక్బర్‌కు జయరాముడు చెప్పిన అబద్ధం సంగతి తెలియదు. ఆరు చెట్లు లోపల ఉండాయని, జయరాముడన్నే చూసుకుంటాండాడని, ఎవరికీ చూపించేదానికి లేదని చెప్పాడు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. రామాంజులు గోడ చుట్టూ తిరిగి, దుమ్ము పట్టిన కిటికీ జాలీలోంచి పసుపు తలలు నాలుగు చూసి తృప్తి పడ్డాడు. కరువు కాలంలో ప్రభుత్వ ఉద్యోగులు ఆఫీసు గదిలో ఆకుకూర పెంచుకోవడం ఆయనకు గొప్పగా తోచింది. వెంటనే పై ఆఫీసుకు నివేదిక రాశాడు. టీ అంగట్లో కలిసిన విలేకరికి కూడా చెప్పాడు.

శనివారం పేపరు జిల్లా పేజీలో చిన్న పెట్టెలో వార్త వచ్చింది. 'గోగుపై పచ్చదోమ పంజా' అని శీర్షిక. బండమీదపల్లె ఎక్సైజు స్టేషనులో సిబ్బంది ఎంతో శ్రమకోర్చి పెంచుకుంటున్న గోగు పంట మొత్తం పసుపుబారిందని, చుట్టుపక్కల మండలాల రైతులు అప్రమత్తంగా ఉండాలని, వివరాలకు హెడ్ కానిస్టేబులు జయరాముడిని సంప్రదించవచ్చని ఉంది.

ఆ వార్త మొదట చదివినవాళ్ళలో మల్లీశ్వరి ఒకతె. ఇక ఎవరి కోసమూ కాచుకునేది లేదని ఆమె ఆ పొద్దున సుంకమ్మను వెంటబెట్టుకుని పెనుకొండ పోయి అద్దాలు తెచ్చుకుంది. తిరుగు బస్సులో పక్కాయన పట్టుకున్న పేపరు మీద ఆమె చూపు పడింది. ఇంటికి వచ్చి, అద్దాలు సర్దుకుని, భర్త ముందు నిలబడి వార్త మొత్తం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"అయితే ఆయమ్మ పేరు ఎక్సైజు స్టేషనా?" అంది చివరికి.

జయరాముడు ఇక దాచలేక జరిగింది మొత్తం చెప్పాడు. ఆమె విని నవ్వలేదు. ఆ పేపరు ప్లీడరు కూడా చదువుతాడు కదా అంది. జయరాముడికి ఆ ఆలోచన అప్పటిదాకా రాలేదు.

ఆదివారం పొద్దున స్టేషను తలుపు తెరిచేసరికి మెట్ల మీద చౌడప్ప అనే ముసలి రైతు గోగు కట్ట ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తన గోగుకు వచ్చిన రోగమూ స్టేషను గోగుకు వచ్చిన రోగమూ ఒకటేనా అని పక్కన పెట్టి చూసుకోవాలట. పది గంటలకు ఇరవై మంది అయ్యారు. అందరి చేతుల్లోనూ గోగు కట్టలే. ఇన్స్‌పెక్టరు బయటికి వచ్చి ఇక్కడ గోగు లేదన్నాడు. పేపర్లో ఉండాది కదా సార్ అన్నాడు చౌడప్ప. పేపరు తప్పు రాసిందన్నాడు ఇన్స్‌పెక్టరు. అయితే మొన్న వేరుశనగ పోయిందని రాసింది కూడా తప్పేనా అని వెనక నుంచి ఎవరో అడిగారు. 

వాళ్ళను ఎలాగైనా పంపించమని అక్బర్‌కు చెప్పి ఇన్స్‌పెక్టరు లోపలికి పోయాడు. అక్బర్ మంచివాడు, మెత్తనివాడు. పేర్లు రాసుకుంటే శాంతించి పోతారని ఒక నోటు పుస్తకం తెచ్చి పేరు, ఊరు రాయడం మొదలుపెట్టాడు. సర్కారు ఆఫీసులో పేర్లు రాస్తున్నారంటే ఊరికే రాయరన్నది ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతి. గోగు పోయినవాళ్ళకు ఏదో జాబితా తయారవుతోందన్న మాట మధ్యాహ్నానికి ఊరు దాటింది. రెండు గంటలకు సోమందేపల్లె నుంచి ఆటోల్లో జనం దిగారు. గోగు అసలు వేయనివాళ్ళు కూడా, దారిలో కొనుక్కున్న కట్టతో వచ్చి వరుసలో నిలబడ్డారు. సాయంత్రానికి అక్బర్ పుస్తకంలో నూటపద్నాలుగు పేర్లు ఉన్నాయి. వాటిలో రామలక్ష్మమ్మ అనే ఆమె పేరు మూడుసార్లు ఉంది. అడిగితే మూడు మళ్ళలో వేసినానంది.

ప్లీడరు వెంకటేశులు ఆ వరుసలో నిలబడలేదు. దూరంగా టీ అంగట్లో కూర్చుని, పేపరు చదువుతూ, వరుసను చూస్తూ రెండు టీలు తాగాడు. సోమవారం ఆఫీసు తెరవగానే రామాంజులు దగ్గరికి పోయి, జయరాముడు సంతకం పెట్టిన కాగితానికి నకలు అడిగి తెచ్చుకున్నాడు. బుధవారం కోర్టుకు వచ్చి రెండు ముక్కలు చెప్పాలని ఆయన్ని పిలిచాడు కూడా. తన రోగనిర్ధారణ వినడానికి కోర్టు పిలుస్తోందని రామాంజులు కొత్త చొక్కా కుట్టించుకోవడానికి ఇచ్చాడు.

అదే సోమవారం ఓబన్న స్టేషనుకు వచ్చాడు. బెయిలు షరతు ప్రకారం ఆయన ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టాలి. సంతకం పెట్టి తిరిగిపోతూ, తెరిచి ఉన్న జప్తు గది ముందు ఆగిపోయాడు. లోపల జయరాముడు ఒక బకెట్ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఓబన్న గుమ్మం దాటకుండా అక్కడే నిలబడి చూశాడు. ఆయన ముఖం జబ్బుపడిన పిల్లను ఆసుపత్రిలో చూసిన తండ్రి ముఖంలా ఉంది.

కానీ ఆయన నోరు విప్పడానికి లేదు. ఇవి గోగు చెట్లని ప్లీడరును తానే నమ్మించాడు, స్టేషనులో వేరే మాట అనొద్దని ప్లీడరు గట్టిగా చెప్పి పెట్టాడు. జయరాముడికీ ముద్దాయిని అడగడానికి లేదు. 

"సార్," అన్నాడు ఓబన్న చివరికి. "ఆ... గోగు చెట్లకు నీళ్ళెవరు పోస్తాండారు?"

"నేను పోస్తాండా."

"ఇంకా?"

జయరాముడు ఆలోచించాడు. చెట్లు ఎండకూడదని ఇన్స్‌పెక్టరు మొదటి రోజే ఆజ్ఞ వేశాడు. కాబట్టి పొద్దున డ్యూటీ కానిస్టేబులు ఒక చెంబు పోస్తాడు. మధ్యాహ్నం వచ్చినవాడు, పొద్దుటివాడు పోశాడో లేదో అని ఇంకొక చెంబు పోస్తాడు. రాత్రి అక్బర్ పోస్తాడు. ఇన్స్‌పెక్టరు ఒక్కోసారి తానూ పోస్తాడు. పసుపుబారడం మొదలైన తర్వాత అందరూ రెండేసి చెంబులు పోస్తున్నారు.

ఓబన్న అనుమతి అడిగి లోపలికి వచ్చి, బకెట్లో వేళ్ళు దించి గుప్పెడు మట్టి తీసి పిండాడు. నీళ్ళు ధారగా కారాయి. అడుగున బెజ్జాలు మట్టితో మూసుకుపోయి, ప్రతి బకెట్టూ ఒక చిన్న కుంటలా ఉంది.

"వేర్లు కుళ్ళుతాండాయి సార్. ఊపిరి ఆడక చస్తాండాయి. దాంట్లోనూ మీ బోరు నీళ్ళు ఉప్పు. ఆ ఉప్పుకే అంచులు కాలినాయి." ఆయన మట్టి బకెట్లో వేసి చేతులు దులుపుకున్నాడు. "బయట మనుషులకు తాగేదానికి నీళ్ళు లేవు. ఈడ వీటిని నీళ్ళలో ముంచి చంపుతాండారు."

తర్వాత ఆయన ఒక ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని, మందు ఎవరు కొట్టినారని అడిగాడు. జయరాముడు పచ్చదోమ సంగతి చెప్పాడు. ఓబన్న తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ కలిసి బకెట్లను వాలుగా పెట్టి నీళ్ళు వంచేశారు, మూసుకుపోయిన బెజ్జాలను పుల్లతో పొడిచి తెరిచారు. ఒక గంటసేపు కేసు పెట్టినవాడూ కేసులో ఉన్నవాడూ పక్కపక్కన గొంతుకూర్చుని పని చేశారు. వెళ్ళేటప్పుడు ఓబన్న, బుధవారం దాకా ఎవర్నీ చెంబు ముట్టనీయొద్దన్నాడు. జయరాముడు గదికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

బుధవారానికి పసుపు పోలేదు గానీ ఆకు రాలడం ఆగింది. కొసల్లో రెండు మూడు లేత ఆకులు తల ఎత్తాయి. ఆరు బకెట్లనూ జీపులో ఎక్కించి కోర్టుకు తీసుకెళ్ళి జడ్జి గారి బల్ల ముందు వరుసగా పెట్టారు. కోర్టు హాలు కిటకిటలాడింది. జాబితాలో పేర్లు ఉన్నవాళ్ళు సగం మంది, పేర్లు అక్కడ చదువుతారేమో అని వచ్చారు.

వెంకటేశులు లేచి, నకలు కాగితం జడ్జి గారికి అందించాడు. ఈ చెట్లు గోగని తాను చెప్పడం లేదని, వ్యవసాయ శాఖ చెబుతోందని, ఆ శాఖకు ఎక్సైజు శాఖే చెప్పిందని అన్నాడు. రామాంజులు బోనెక్కి, ఆ కాగితం తానే రాశానని, ఆకు చూశానని, అది పచ్చదోమేనని గట్టిగా చెప్పాడు. ఇన్స్‌పెక్టరు మల్లికార్జున జయరాముడి వైపు ఒకసారి చూసి మళ్ళీ చూడలేదు.

జడ్జి గారు యాభై దాటిన ఆమె, కోస్తా నుంచి వచ్చారు. కాగితం రెండుసార్లు చదివి జయరాముడిని పిలిచారు. ఈ సంతకం మీదేనా అంటే అవునన్నాడు. పంట గోగు అని మీరే చెప్పారా అంటే దానికీ అవునన్నాడు. అప్పుడు చెప్పింది నిజమా, కేసులో రాసింది నిజమా అని అడిగారు. జయరాముడి మీసం మీద చెమట పట్టింది. ప్రమోషను జాబితా ఆయన కళ్ళ ముందు నుంచి నెమ్మదిగా పక్కకు జరిగిపోయింది.

"నేను ఆయప్పకు చెప్పింది అబద్ధం తల్లీ," అన్నాడు. "చెట్టు మాత్రం నిజం."

హాలులో ఎవరో దగ్గారు. ఒకసారి అబద్ధం చెప్పానని ఒప్పుకున్న మనిషి మాట రెండోసారి ఎందుకు నమ్మాలని వెంకటేశులు అడిగాడు. జడ్జి గారు దానికి జవాబు చెప్పకుండా, గోగు గురించి తనకు ఎవరూ నేర్పనక్కర్లేదని, ఆ ఆకుకు పులుపు ఉంటుందని, పులుపు లేని గోగు తాను ఇంతవరకూ చూడలేదని మాత్రం అన్నారు. వెంకటేశులు ఆ మాట పట్టుకున్నాడు. ఆయన తన కక్షిదారుడిని మనస్ఫూర్తిగా నమ్మిన ప్లీడరు. అందరి ముందూ నిరూపిస్తానని ముందుకు వంగి, మొదటి బకెట్లోంచి నాలుగు ఆకులు తుంచి, ఉండ చుట్టి నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

"నమలొద్దు సార్," అన్నాడు ఓబన్న.

వెంకటేశులు చెయ్యి నోటి దగ్గరే ఆగింది.

"దాని మీద దోమమందు కొట్టినారు సార్. నిన్న గాక మొన్న వాసన చూసినా. నమిలితే ఆసుపత్రి పాలైతారు." ఓబన్న జడ్జి గారి వైపు తిరిగాడు. "అదీ గాక, అది గోగు కాదు. గంజాయి."

 వెంకటేశులు ఆకు ఉండను మెల్లగా దించి, ఏం చెయ్యాలో తెలియక తిరిగి బకెట్లో పెట్టాడు. నువ్వేమన్నావో నీకు తెలుసా అని జడ్జి గారు ఓబన్నను అడిగారు. తెలుసన్నాడు. మరి ఎందుకు చెప్పావన్నారు.

"ఈ సారు నా మాట నమ్మి నాకు బెయిలు ఇప్పించినాడు తల్లీ. కండ్ల ముందర విషం తింటాంటే చూస్తా ఊరికే ఉండేదానికి నాకు చాత కాలేదు."

 జడ్జి గారు ఆ మాటలను అన్నవి అన్నట్టే రాయమని గుమాస్తాకు చెప్పారు. బోను పక్కన నిలబడిన రామాంజులు ముఖం ఆ ఆకుల కంటే పసుపుగా ఉంది. ఓబన్నకు వేయగలిగినంత తక్కువ శిక్షే వేస్తున్నానని ఆమె తీర్పులో రాశారు. చెట్లను ఆ సాయంత్రమే తగలబెట్టమన్నారు. తీర్పు విని జనం ఇంకా కూర్చునే ఉంటే, జాబితా ఎప్పుడు చదువుతారని చౌడప్ప గుమాస్తాను అడిగాడు.

బయట జీపు దగ్గర ఓబన్నకు బేడీలు వేయాల్సిన పని జయరాముడికే వచ్చింది. ఆయన వేయలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కొంత దూరం పోయాక, లేత ఆకులు వచ్చినాయి చూసినావా అన్నాడు జయరాముడు. చూసినా, ఇంకొక్క వారముంటే తేరుకునేటివి అన్నాడు ఓబన్న. 

కేసు గెలిచినందుకు ఇన్స్‌పెక్టరుకు ప్రశంసాపత్రం వచ్చింది. జప్తు సొత్తును వేరే శాఖకు వేరే పేరుతో పరిచయం చేసినందుకు జయరాముడికి మెమో వచ్చింది. ఆయన దానికి ఉన్నది ఉన్నట్టు నాలుగు పేజీల సంజాయిషీ రాసి పంపాడు. ప్రమోషను జాబితా వచ్చింది, అందులో ఆయన పేరు లేదు. మల్లీశ్వరి ఆ జాబితాను రెండుసార్లు చదివి, అచ్చుతప్పు కూడా కాదని చెప్పింది.

నెల తిరగకముందే బదిలీ ఉత్తర్వు వచ్చింది. తనకల్లు దగ్గర కల్లు కోసం ప్రభుత్వం కొత్తగా నాటించిన మూడు వేల ఈత మొక్కల సంరక్షణ బాధ్యత జయరాముడికి అప్పగించారు. చెట్ల పెంపకంలో ఆయనకున్న విశేష అనుభవం దృష్ట్యా ఈ నిర్ణయం తీసుకున్నట్టు ఉత్తర్వులో ఉంది.